ఎడారి బండికి వెల కట్టడం ఎట్లా?

మన సంఘం సభ్యురాలు ఒకావిడ జయనగరం నుంచి ఉత్తరం వ్రాశారు. పేరు ప్రకటించవద్దన్నారు గనుక ప్రకటించడం లేదు. ఆవిడ కుమారుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు. చెడు అలవాట్లేవీ లేవు. ఉన్నదల్లా పాత మోటారు బళ్ళ పిచ్చి ఒక్కటే. విదేశంలో ఎవరో వ్యాపారి 1960ల నాటి ‘డ్యూన్ బగ్గీ’ ఒకటి అమ్మకానికి పెట్టాడట. ఎడారి పందెంలో పరుగెత్తిన బండి అనీ, అమూలాగ్రం బాగు చేయించామనీ, విలువ తెలిసిన సేకర్తలకు మాత్రమే ఇస్తామనీ ప్రకటన. కుర్రవాడు హోసూరు దగ్గర తండ్రి కొని పెట్టిన సైటు అమ్మి ఆ బండి తెప్పిస్తానంటున్నాడు. “మీరు కాదంటే మానుకుంటాడని కాదు, అసలు ఆ వస్తువేమిటో, దానికంత వెల ఎందుకో మాకు తెలిసేటట్లు వ్రాయండి” అని ఆవిడ అడిగారు.

న్యాయమైన ప్రశ్న. పాత బళ్ళ సరదా మన ఊరిలో కొత్తది కాదు. ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్కు చుట్టుపట్ల తాతలనాటి కార్లు, జావా మోటారు సైకిళ్ళు వరుస కట్టి పోవడం మనలో చాలామంది చూసినదే. “కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్న సామెత ఈ వీధుల్లో తిరగబడిపోయింది. పాతదే వింత, పాతదే ఖరీదు. కాబట్టి ఈ నెల ముచ్చట ఎడారి బండిని గురించే.

ముందు బండి పుట్టుక చెప్పుకుందాం. ఇసుక దిబ్బల మీద ఎగిరిపడుతూ పోయే బండి గనుక దానికి ఆ పేరు. తలుపులుండవు, కప్పు ఉండదు, వెనుక చక్రాలు ముందు చక్రాల కన్న లావు. దూరం నుంచి చూస్తే పిల్లల స్నానపు తొట్టికి చక్రాలు బిగించినట్లు ఉంటుంది. ఆ పోలిక ఉత్త ఎగతాళి కాదు. దానిని రూపొందించిన బ్రూస్ మేయర్స్ అనే అమెరికన్ అసలు పని పడవలు చేయడం. 1926లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పని చేశాడు. తరువాత కాలిఫోర్నియా సముద్రతీరంలో ఫైబర్ గ్లాసుతో పడవలు పోత పోస్తూ ఉండేవాడు. అదే ఫైబర్ గ్లాసుతో 1964లో ఒక బండి ఒళ్ళు పోత పోసి, ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఇంజనూ, చక్రాల సరంజామా దానికి తగిలించాడు. ఎర్రరంగు వేశాడు. ఆ మొదటి బండి పేరు ‘ఓల్డ్ రెడ్’. ఆ రకానికి పేరు ‘మేయర్స్ మాంక్స్’. మాంక్స్ అంటే తోకలేని ఒక జాతి పిల్లి. బండికి వెనుక భాగం కురచ గనుక ఆ పేరు పెట్టుకున్నాడు.

బీటిల్ కారునే ఎందుకు ఎన్నుకున్నాడంటే దానికి కారణాలున్నాయి. ఆ కారుకు ఇంజను వెనుక ఉంటుంది. బరువంతా వెనుక చక్రాల మీద పడుతుంది, నడిపించేవీ ఆ చక్రాలే. అందువల్ల ఇసుకలో పట్టు దొరుకుతుంది. ఇంజనును చల్లార్చేది గాలి, నీరు కాదు. రేడియేటరు లేదు, నీళ్ళు పోయవలసిన పని లేదు, కాగి పొంగేది లేదు. ఎడారిలో ఇంతకన్న ఏమి కావాలి? మూడవది, ఆ కారు పై ఒళ్ళును మరలు విప్పి ఎత్తేస్తే అడుగున బల్లపరుపుగా ఒక ఛాసిస్ మిగులుతుంది. మేయర్స్ మొదటి డజను బళ్ళకు ఆ ఛాసిస్ కూడా వాడలేదు. ఒళ్ళే ఛాసిస్‌గా పోత పోశాడు. అది ఖర్చుతో కూడిన పని. తరువాతి వాటికి బీటిల్ ఛాసిస్‌నే తీసుకొని, నడుమ పధ్నాలుగు అంగుళాల పైచిలుకు కోసి, రెండు ముక్కలనూ కలిపి వెల్డింగు చేసి, దానిపై ఫైబర్ గ్లాసు ఒళ్ళు కూర్చోబెట్టే పద్ధతి పెట్టాడు. కొనేవారికి ఒళ్ళు మాత్రం అమ్మేవాడు. పాత బీటిల్ ఒకటి సంపాదించుకొని మిగతా పని ఎవరి దొడ్లో వారే చేసుకునేవారు. ఈ సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. ఇంకొంతసేపటికి దీనితో పని పడుతుంది.

కాలిఫోర్నియాకు దక్షిణంగా మెక్సికో దేశంలో బాహా అని సన్నని ద్వీపకల్పం ఒకటి ఉన్నది. రాళ్ళు, ఇసుక, నాగజెముడు తప్ప ఆ రోజులలో సరైన రోడ్డు లేదు. దానిని ఈ చివర నుంచి ఆ చివరకు మోటారు సైకిలు మీద 1962లో ఇద్దరు దాటితే, దగ్గర దగ్గర 40 గంటలు పట్టింది. 1967 ఏప్రిల్‌లో మేయర్స్ తన మిత్రుడు టెడ్ మాంగెల్స్‌తో కలిసి ఓల్డ్ రెడ్‌లో అదే దారి పట్టి 34 గంటల 45 నిమిషాలలో ముగించాడు. ఆ కబురు పత్రికల కెక్కింది. ఆ సంవత్సరం చివరలోనే ‘మెక్సికన్ 1000’ పేరుతో మొదటి బాహా పందెం జరిగింది. విక్ విల్సన్, టెడ్ మాంగెల్స్ నడిపిన మాంక్స్ బగ్గీ 27 గంటల 38 నిమిషాలలో లాపాజ్ పట్టణం చేరి గెలిచింది. పడవలు చేసేవాడి తొట్టి పెద్ద పెద్ద బళ్ళను వెనుక వేసింది.

తరువాత జరిగినదే అసలు కథ. పేరు రావడంతోనే నకళ్ళు పుట్టాయి. ఫైబర్ గ్లాసు పోత తీయడం పెద్ద విద్య కాదు. ఒక మాంక్స్ ఒళ్ళు సంపాదించి, దాని మీదనే అచ్చు తీసి, వందలు వందలుగా పోసుకోవచ్చు. మేయర్స్ పేటెంటు ఉన్నదని కోర్టుకు వెళ్ళాడు, ఓడిపోయాడు. 1970 నాటికి తన సంస్థలో నుంచి తానే బయటకు వచ్చాడు. ఆ తరువాత కొద్ది రోజులకే అది మూతపడింది. ఆయన సంస్థ చేసినవి సుమారు 6 వేలు. లోకంలో పుట్టిన నకళ్ళు రెండు లక్షలకు పైమాటే అని ఒక అంచనా. 1999 ప్రాంతంలో ఆయన మళ్ళీ తన పేరుతో బళ్ళు చేయడం మొదలుపెట్టాడు. 2021 ఫిబ్రవరిలో 94 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఓల్డ్ రెడ్‌ను 2014లో అమెరికావారు తమ దేశపు చారిత్రక వాహనాల పట్టికలో చేర్చుకున్నారు. గౌరవం దక్కింది, లాభం మాత్రం నకలు చేసినవారు తిన్నారు.

కాబట్టి ‘1960ల నాటి డ్యూన్ బగ్గీ’ అని ఎవరైనా అన్నప్పుడు మొదట అడగవలసినది “ఏ బగ్గీ?” అని. ఆరు వేలలో ఒకటా, రెండు లక్షలలో ఒకటా? రంగు వేసి నిలబెడితే రెండూ అక్కచెల్లెళ్ళ లాగా ఉంటాయి.

ఎడారి పందెం అన్న మాట విన్నప్పుడు మనవారికి ఎక్కువగా గుర్తుకు వచ్చేది డాకర్ ర్యాలీ. 1977లో తియెరీ సబీన్ అనే ఫ్రెంచి యువకుడు మోటారు సైకిలు పందెంలో లిబియా ఎడారిలో దారి తప్పి, చావు తప్పి బయటపడ్డాడు. అంతటితో ఎడారి మొహం చూడనని ఒట్టు పెట్టుకునేవారే ఎక్కువ. ఆయన మాత్రం ఆ అందం అందరికీ చూపించాలనుకున్నాడు. 1978 డిసెంబరు 26న ప్యారిస్ నుంచి పశ్చిమ ఆఫ్రికాలోని డాకర్ నగరానికి మొదటి ర్యాలీ బయలుదేరింది. 182 బళ్ళు బయలుదేరితే గమ్యం చేరినవి 74. సబీన్ 1986లో అదే ర్యాలీ సమయంలో మాలీ దేశంలో హెలికాప్టరు కూలి మరణించాడు. డాకర్‌లో కూడా బగ్గీలు పేరు తెచ్చుకున్నాయి. జాన్ లూయీ ష్లెసర్ తాను చేయించుకున్న రెండు చక్రాల చోదకపు బగ్గీతో 1999లోనూ, 2000లోనూ గెలిచాడు. ఆ ర్యాలీ 2009లో దక్షిణ అమెరికాకు, 2020లో సౌదీ అరేబియాకు తరలింది.

ఇదంతా మనకు దూరపు ముచ్చట అనుకోనక్కరలేదు. మన బెంగుళూరు వాడే అయిన సి.ఎస్. సంతోష్ 2015లో మోటారు సైకిలు మీద డాకర్ ర్యాలీ పూర్తి చేసి, ఆ ఘనత సాధించిన మొదటి భారతీయుడయ్యాడు. వచ్చిన స్థానం 36. అదే సంవత్సరం, మన తెలుగువారు తరతరాలుగా ఉంటున్న హోసూరులోని టీవీఎస్ మోటారు సంస్థ ఫ్రాన్సు దేశపు షెర్కో సంస్థతో కలిసి డాకర్‌లో జట్టును దింపింది. 2019లో ఆ జట్టు తరఫున కె.పి. అరవింద్ 37వ స్థానంలో ముగించాడు. 2021లో సంతోష్ సౌదీ ఎడారిలో నాలుగవ రోజు పడిపోయి తలకు పెద్ద దెబ్బ తగిలి, ప్రాణాపాయం దాకా వెళ్ళి వచ్చాడు. ఎడారి ఆటస్థలం కాదని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

మనిషికే అట్లా అయితే యంత్రం మాట చెప్పేదేమున్నది? పిండి లాంటి ఇసుక గాలితోపాటు ఇంజనులోకి దూరి పిస్టన్లను అరగదీస్తుంది. గుంతలలో ఎగిరిపడడంతో షాక్ అబ్జార్బరు బిగించిన చోట ఇనుము బీటలు వారుతుంది. అడుగున రాళ్ళు కొట్టుకొని సొట్టలు పడతాయి. పందెం బండికి పందెం పందేనికీ ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. ఈసారి ఇంజను, వచ్చేసారి గేరు పెట్టె, ఆ పైసారి ముందు ఇరుసు. ఋతువు ముగిసేసరికి ఎవరికో అమ్మేస్తారు. అతడు ఇంకో రంగు వేస్తాడు. పదేళ్ళు పోయాక మూడవ వాడు దానిని సముద్రతీరపు షికారుకు వాడుకుంటాడు. యాభై ఏళ్ళ తరువాత నాలుగవ వాడు దొడ్లో నుంచి బయటకు లాగి ‘పునరుద్ధరించి’ అమ్మకానికి పెడతాడు. అందులో ఆ పందెం నాడు ఎడారి చూసిన ఇనుము ఎంత మిగిలి ఉన్నది? వెల మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉన్నది.

ఎందుకంటే సేకర్తలు కొనేది బండిని కాదు, బండికి జరిగిన కథను. ఉదాహరణకు 1968లో వచ్చిన ‘ది థామస్ క్రౌన్ అఫైర్’ అనే సినిమాలో స్టీవ్ మెక్వీన్ సముద్రపు ఒడ్డున ఒక మాంక్స్ బగ్గీ నడుపుతాడు. ఆ బండి 2020 మార్చిలో అమెరికాలో వేలానికి వచ్చి 4 లక్షల 56 వేల డాలర్లకు పోయింది. కథానాయకుడు కూర్చున్న బండి అదే అని ఋజువు ఉన్నది గనుక ఆ ధర. ఋజువు లేని నాడు అది కూడా ఫైబర్ గ్లాసు తొట్టే. “తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి” అన్నట్లు, పందెంలో పరుగెత్తినది అని నోటితో చెబితే చాలదు. నెయ్యి గిన్నె ఎక్కడున్నదో చూపించాలి.

ఇక్కడ పునరుద్ధరణ అనే మాటను కొంచెం తరచి చూడాలి. మనవారికి బాగుచేయడమంటే కొత్తగా చేయడమే. దేవుడి పటానికి చట్రం మార్పించినట్లు, పాత బిందెకు కళాయి పెట్టించినట్లు, ధగధగ మెరిస్తేనే బాగుపడినట్లు లెక్క. చరిత్ర గల వస్తువుకు ఈ లెక్క పనికిరాదు. 1907లో పెకింగ్ నుంచి ప్యారిస్‌కు జరిగిన మోటారు పరుగును తీసుకోండి. ఎడారి పందాలకు అది ముత్తవ్వ. గోబీ ఎడారి దాటి, సైబీరియా బురద దాటి, జూన్ 10న బయలుదేరిన బోర్గీసీ రాకుమారుడు ఇటాలా కారులో ఆగస్టు 10న ప్యారిస్ చేరాడు. దారిలో ఆ కారు చెక్క వంతెన విరిగి కింద పడింది. ఇంకొక చోట చక్రం చితికిపోతే, బళ్ళు చేసే ఒక రష్యా పల్లెటూరి వడ్రంగి గొడ్డలితో చెక్కి దానిని మళ్ళీ నిలబెట్టాడు. ఆ చక్రం మీదనే కారు ముందుకు సాగింది. ఈ రోజు ఆ కారు ఇటలీలో ట్యూరిన్ నగరపు మోటారు ప్రదర్శనశాలలో ఉన్నది. అటువంటి చక్రం ఒకటి ఎవరి చేతికైనా దొరికిందనుకోండి. గొడ్డలి గాట్లు బాగా లేవని పడవేసి యంత్రం మీద నున్నగా చేసిన కొత్త చక్రం తగిలిస్తే, అది బాగుచేయడమవుతుందా, పాడుచేయడమవుతుందా? మెరుగు వస్తుంది, వడ్రంగి పోతాడు.

ప్రపంచంలోని పాత వాహనాల సంఘాలన్నిటికీ కలిపి 1966లో ఏర్పడిన ‘ఫివా’ అనే సమాఖ్య ఇదే సంగతిని నియమంగా పెట్టుకున్నది. 2012లో వారు ఆమోదించిన ట్యూరిన్ ప్రకటన సారాంశం ఇది. వీలైనంత వరకు ఉన్నదానిని ఉన్నట్లే కాపాడండి. తప్పనిసరి అయితేనే మార్చండి. మార్చినది ఏమిటో తెలిసేటట్లు వ్రాసి పెట్టండి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు నగ చెరిపించి కొత్త నగ చేయించేటప్పుడు తూకం, రాళ్ళ లెక్క చీటీ మీద వ్రాయించుకునేవారు గదా, ఇదీ అంతే.

ఇక మన సోదరి కుమారునికి, ఆ మాటకు వస్తే ఇటువంటి సరదా గల ఏ కుర్రవానికైనా, పనికివచ్చే పరీక్షలు కొన్ని చెబుతాను.

మొదటిది నంబరు. బీటిల్ ఛాసిస్‌కు నడుమ వెన్నెముక లాగా ఒక గొట్టం పోతుంది. వెనుక భాగాన ఆ గొట్టం మీద నంబరు కొట్టి ఉంటుంది. కాగితాలలోని నంబరూ అదీ ఒకటేనా చూడాలి. నంబరు కొట్టిన చోట కొత్తగా వెల్డింగు చేసిన గుర్తులుంటే, సానపట్టిన జాడలుంటే ఆగిపోవాలి. ఇంజను నంబరు వేరు కావడం పందెం బండిలో తప్పు కాదు, అది మారిపోయేదే. ఛాసిస్ నంబరు వేరైతే మాత్రం బండే వేరు.

రెండవది అతుకు. ఛాసిస్ నడుమ కోసి కలిపిన చోటు చేత్తో తడిమి చూడాలి. ఈ అతుకు వేసినది కర్మాగారం కాదు, ఎవరో ఇంటి వెనుక వేసుకున్నది. వంకరగా ఉంటే బండి జీవితమంతా పక్కకు లాగుతుంది. తుప్పు పట్టి ఉంటే ప్రాణానికే ముప్పు. పైన ఫైబర్ గ్లాసుకు తుప్పు లేదు గనుక బండి మొత్తానికి తుప్పు లేదనుకోవడం పొరపాటు. “పైన పటారం, లోన లొటారం” అన్న మాట ఈ బండిని చూసే పుట్టిందా అనిపిస్తుంది. బ్యాటరీ పెట్టే చోటు, పాదాలు ఆనే చోటు తప్పక చూడాలి.

మూడవది ఒళ్ళు. పాత ఫైబర్ గ్లాసు మీద సాలెగూడు లాగా సన్నని బీటలు ఉండడం వయసు లక్షణం. అవి ఒక్కటీ లేకుండా అద్దంలా ఉంటే రెండే కారణాలు: ఒకటి, లోపల పుట్టీ దట్టించి ఉండాలి, లేదా ఒళ్ళు నిన్న మొన్న పోసినదై ఉండాలి. వేలి కణుపుతో కొట్టి చూస్తే పుట్టీ ఉన్న చోట మొద్దు చప్పుడు వస్తుంది. నిజంగా పందెం ఆడిన బండికి అదనపు దీపాలకు, పెద్ద పెట్రోలు టాంకుకు, నంబరు పలకకు పెట్టిన రంధ్రాలు ఎక్కడో ఒక చోట కనిపిస్తాయి. పూడ్చి ఉన్నా లోపలి వైపు నుంచి తెలుస్తాయి. షాక్ అబ్జార్బర్ల దగ్గర బలానికి వేసిన ఇనుప ముక్కలుంటాయి. ఎడారి చూసిన బండికి ఈ మచ్చలు సిగ్గు కాదు, సర్టిఫికెట్లు.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది, కాగితం. పందెం నాటి ఛాయాచిత్రం, పాల్గొన్నవారి పట్టిక, చేతులు మారినప్పుడల్లా వ్రాసుకున్న రశీదులు, బాగుచేయడానికి ముందూ, నడుమా, తరువాతా తీసిన ఫొటోలు. బాగుచేసినవాడు నిజాయితీపరుడైతే విప్పిన ప్రతి మరకూ ఫొటో తీసి ఉంటాడు. విప్పక ముందు ఫొటో ఒక్కటీ లేదంటే, విప్పడానికి బండే లేదని అనుమానించాలి. అసలైన మాంక్స్ అవునో కాదో పరీక్షించి చెప్పే ఏర్పాటు కూడా ఆ బళ్ళ సంఘంవారికి ఉన్నది. అమ్మేవాడు ఆ పరీక్షకు వెనుదీస్తే మనం కొనడానికి వెనుదీయాలి.

ఈ పరీక్షలన్నీ నెగ్గినా, సముద్రం ఇవతల ఇంకొక పరీక్ష ఉన్నది. అది మన చట్టం. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాల రిజిస్ట్రేషనుకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటిన, వ్యాపారానికి కాక సొంతానికి వాడుకునే రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్ళకు ‘వీఏ’ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా నమోదుకు 20 వేల రూపాయలు, పదేళ్ళ తరువాత తిరిగి నమోదుకు 5 వేలు రుసుము అని ఆ నియమాలలో పెట్టారు. ఆ బండిని రోజూ ఆఫీసుకు వేసుకుపోవడానికి వీలు లేదు. ప్రదర్శనకో, పాత బళ్ళ ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే రోడ్డెక్కాలి.

అసలు చిక్కు ఇంకొక మాటలో ఉన్నది. ఆ నియమాల ప్రకారం బండి తన మొదటి రూపంలో ఉండాలి. ఛాసిస్, ఒళ్ళు, ఇంజను గణనీయంగా మార్చి ఉండకూడదు. ఇప్పుడు మొదట చెప్పిన సంగతి గుర్తు తెచ్చుకోండి. బగ్గీ అంటేనే బీటిల్ ఛాసిస్ నడుమ కోసి, ఒళ్ళు తీసేసి, వేరే ఒళ్ళు పెట్టిన బండి! కాగితాలలో అది 1960ల ఫోక్స్‌వాగన్, కళ్ళెదుట అది స్నానపు తొట్టి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019లో సుప్రీం కోర్టు ఆ సంగతిని గట్టిగానే చెప్పింది. కాబట్టి రవాణా అధికారి ఆ బండిని చూసి ఏమంటాడో, డబ్బు పంపిన తరువాత కాదు, పంపక ముందే వ్రాతమూలకంగా తెలుసుకోవాలి. దిగుమతికి అనుమతి, ఓడ కిరాయి, సుంకం అన్నీ కలిపితే ప్రకటనలో చూసిన ధర సగం మాటే అవుతుంది. ఇంత చేసి రోడ్డెక్కని బండి ఇంటి ముందు నిలబడితే, దానికి తలుపులూ కప్పూ కూడా లేవు గనుక, బెంగుళూరు వానలకు అందులో చేపలు పెంచుకోవచ్చు.

ఇవన్నీ చదివి, సరదాలన్నీ మానుకొని సైటు చూసుకుంటూ కూర్చోమంటున్నానని అనుకోవద్దు. ఇనుమును ప్రేమించే కుర్రవాళ్ళు ఉండబట్టే ఈ ఊరు ఊరయింది. మోక్షగుండం నుంచి వచ్చిన తెలుగు కుటుంబంలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు 1930లలోనే ఇక్కడ మోటారు కార్ల కర్మాగారం పెట్టాలని విదేశాలు తిరిగి పథకం వేశారు. మైసూరు సంస్థానం సిద్ధపడినా నాటి ఆంగ్ల ప్రభుత్వం సాగనివ్వలేదు. కార్లకు బదులు 1940లో విమానాల కర్మాగారం వచ్చింది. తరువాత 1953లో హెచ్‌ఎంటీ మొదలైన పెద్ద పెద్ద కర్మాగారాలు వచ్చాయి. వాటిని నమ్ముకొని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు మనలోనే ఎన్నో. అక్కడ లేతు పట్టడం నేర్చిన చేతులే తరువాత చిన్న చిన్న వర్క్‌షాపులు పెట్టాయి. ఈ రోజుకూ జె.సి. రోడ్డులో దొరకని స్పేరు పార్టు లేదంటారు. శివాజీనగరం తుక్కు దుకాణాలలో ఓపికగా వెతికితే దొరకనిది దొరుకుతుంది. ఎక్కడా దొరకకపోతే నమూనా చూసి లేతు మీద తీసి ఇచ్చే మేస్త్రీలు ఇంకా కొందరున్నారు. వారిలో చాలామంది పిల్లలు ఆ పని నేర్వలేదు. కంప్యూటరు పనికి పోయారు, తప్పు లేదు. ఆ మేస్త్రీ కళ్ళు మూస్తే, చెవి పెట్టి విని ఏ వాల్వు వదులో చెప్పే విద్య కూడా ఆయనతో పోతుంది. బండి పాతదైతే బాగు చేయవచ్చు. విద్య పోతే బాగు చేసేది ఎవరు?

అందుచేత నా సలహా ఇది. సైటు అమ్మవద్దు. “అప్పు చేసి పప్పుకూడు” ఎంతటిదో, సైటు అమ్మి బగ్గీ అంతటిదే. ఆ కుర్రవానికి నిజంగా పాత బళ్ళ మీద ప్రేమ ఉంటే, ముందు మన దేశంలోనే మన నేల మీద తిరిగిన బండి ఒకటి చూసుకోమనండి. మైసూరులో 1961 నుంచి తయారైన జావాలు, ఆ తరువాతి యెజ్డీలు ఉన్నాయి. మహీంద్రా జీపులు ఉన్నాయి. మదరాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నది. 2014తో తయారీ ఆగిపోయిన అంబాసడర్ ఉన్నది. అనంతపురం, చిత్తూరు పల్లెలలో తాతగారు పొలానికి తిప్పిన జీపు గడ్డివాము పక్కన టార్పాలిను కింద ఎన్ని ఇళ్ళలో లేదు? ఎడారి పందెం గెలవకపోయినా, అది రాయలసీమ కరువు చూసింది. దాని కథకు సాక్షులు ఇంకా బ్రతికి ఉన్నారు.

అటువంటి బండి ఇంట ఉన్నవారికి ఒక విన్నపం. తుక్కువాడికి తూకానికి ఇచ్చేముందు ఒక్క నెల ఆగండి. ఆర్‌సీ పుస్తకం, పాత బీమా చీటీలు, బంకు రశీదులు, ఆ బండి ముందు నిలబడి తీయించుకున్న పెళ్ళి ఫొటో, ఇవన్నీ ఒక కవరులో పెట్టండి. ఎప్పుడు ఎవరు కొన్నారు, ఏ ఊళ్ళు తిరిగింది, ఏ సంవత్సరం ఇంజను విప్పారు, ఎవరు విప్పారు అన్నది పెద్దవారిని అడిగి ఒక నోటు పుస్తకంలో వ్రాయండి. బాగు చేయించదలిస్తే ఒక ముసలి మేస్త్రీని వెతికి పట్టుకొని, కుర్రవాడిని ఆదివారాలు ఆయన పక్కన కూర్చోబెట్టండి. రంగు చివర. ముందు బ్రేకులు, తరువాత ఇంజను, ఆ తరువాత కరెంటు తీగలు, అన్నిటి తరువాత రంగు. తాతగారు గేటుకు గుద్దిన సొట్ట ఒకటి ఉంటే, దానిని అట్లాగే ఉండనివ్వమని మేస్త్రీకి ముందే చెప్పి పెట్టండి.